చలికాలం దిగులు: నంద్యాల పగలు, చికాగో పగలు

చలికాలం వచ్చేసరికి కొంతమందికి మనసు ఎందుకు దిగాలుపడుతుంది, దానికి ఏం చేసుకోవచ్చు అనేది ఈరోజు ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. నేను నంద్యాలలో కౌన్సెలింగ్ చేస్తాను. వారానికి ఒకరోజు ఆళ్లగడ్డకు పోయి కూర్చుంటాను. నవంబర్ దాటిందంటే రెండు చోట్లా ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువవుతారు. చాలామంది తమ గురించి అడగరు. "సార్, మావాడు అమెరికాలో ఉన్నాడు, సంక్రాంతికి ఫోన్ చేస్తే కూడా రెండు మాటలు మాట్లాడి పెట్టేసినాడు, ఏమైందో అర్థం కావడం లేదు" అని అడుగుతారు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. చలికాలం దిగులు అంటే మన ఊర్లో కొందరికి నవ్వొస్తుంది. "మనకు చలికాలం ఎంతసేపు సార్, రెండు నెలలు దుప్పటి కప్పుకుంటాం. మనల్ని చంపేది మే నెల కదా" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఎందుకంటే ఈ దిగులుకు చలి అసలు కారణం కాదు. కారణం వెలుతురు.

ఒక చిన్న లెక్క చూడండి. నంద్యాల భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు పదిహేనున్నర డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబర్ 21, 22 తేదీల్లో మనకు సుమారుగా 6:40కి పొద్దు పొడుస్తుంది, 5:50కి కుంకుతుంది. అంటే పగలు 11 గంటల పైన పది నిమిషాలు. జూన్‌లో 13 గంటలు. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలు కూడా లేదు. అదే చికాగో తీసుకోండి. జూన్‌లో పగలు 15 గంటల పైనే, డిసెంబర్‌లో 9 గంటలు. సాయంత్రం 4:20కే సూర్యుడు వెళ్లిపోతాడు. లండన్‌లో డిసెంబర్ పగలు 8 గంటలు కూడా ఉండదు. హెల్సింకిలో 6 గంటలకు తక్కువ. మన పిల్లోడు ఆళ్లగడ్డలో ఇరవై రెండేళ్లు పెరిగి ఆగస్టులో చికాగోలో దిగుతాడు. అప్పుడు అక్కడ పగలు మన పగలు కంటే పెద్దది. వాడికి ఏ తేడా తెలియదు. నాలుగు నెలలు తిరిగేసరికి వాడి పగలు నాలుగున్నర గంటలు తగ్గిపోయి ఉంటుంది. శరీరానికి ఇది చిన్న విషయం కాదు.

ఈ సమస్యకు పేరు పెట్టిన డాక్టర్ కథ కూడా ఇట్లాంటిదే. ఆయన పేరు నార్మన్ రోసెంతాల్. దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్ నుంచి 1970లలో న్యూయార్క్ వచ్చినాడు. ఎండ ఉండే దేశం మనిషి. చలికాలంలో తనకు పని సాగకపోవడం, వసంతం రాగానే మళ్లీ ఉత్సాహం రావడం గమనించుకున్నాడు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేస్తూ, ఏటా చలికాలంలో దిగులు వచ్చే 29 మందిని పరిశీలించి, సహచరులతో కలిసి 1984లో ఒక పత్రం ప్రచురించినాడు. సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇంగ్లీషులో దాని పొడి అక్షరాలు కలిపితే 'శాడ్' అని వస్తుంది, అంటే దుఃఖం. పేరు బాగానే కుదిరింది.

వెలుతురు తగ్గితే మనసెందుకు తగ్గాలి? కంటి పని చూడడం ఒక్కటే కాదండీ. కంటి వెనక ఉండే రెటీనాలో కొన్ని ప్రత్యేక కణాలు ఉన్నాయి. వాటికి బొమ్మలు చూసే పనితో పెద్దగా సంబంధం లేదు. బయట ఎంత వెలుతురు ఉందో కొలిచి మెదడుకు చెప్పడం వాటి ముఖ్యమైన డ్యూటీ. 2002 ప్రాంతంలో వీటి సంగతి స్పష్టంగా తెలిసింది. ఇవి పంపే కబురు మెదడులో హైపోథాలమస్ దగ్గర ఉన్న చిన్న గడియారానికి పోతుంది. ఆ గడియారమే మెలటోనిన్ అనే హార్మోన్ ఎప్పుడు విడుదల కావాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయిస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ మొదలవుతుంది, తెల్లవారి వెలుతురు పడితే ఆగుతుంది. చలికాలం దిగులు ఉండేవాళ్లలో చలికాలపు రాత్రి ఈ మెలటోనిన్ ఎక్కువసేపు నడుస్తుందని 2001లో ఒక పరిశోధనలో చూశారు. అంటే తెల్లవారినా వాళ్ల శరీరానికి ఇంకా రాత్రే. గడియారం వెనకబడి పోతుంది. దీంతో పాటు సెరొటోనిన్‌లో కూడా తేడాలు వస్తాయని చెప్తారు. ఒక్క కారణంతోనే వస్తుందని ఎవరైనా గట్టిగా చెప్తే మాత్రం నమ్మకండి.

లక్షణాలు కూడా మామూలు డిప్రెషన్‌కు కొంచెం తిరగబడి ఉంటాయి. డిప్రెషన్ అనగానే మనం ఏమనుకుంటాం? నిద్ర పట్టదు, అన్నం సహించదు అనుకుంటాం. ఇందులో నిద్ర ఎక్కువవుతుంది. పది పన్నెండు గంటలు పడుకున్నా లేవబుద్ధి కాదు. అన్నం, రొట్టె, బ్రెడ్డు, తీపి ఇట్లాంటివే తినాలనిపిస్తుంది. బరువు పెరుగుతుంది. చేతులు కాళ్లు సీసం పోసినట్టు ఉంటాయి. మనుషుల్ని కలవాలనిపించదు. అందుకే ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అనుకోరు, బద్ధకం అనుకుంటారు. వేళకు తింటున్నాడు, హాయిగా పడుకుంటున్నాడు, ఒళ్లు చేసినాడు, ఇంక ఏం బాధ అంటారు. వరుసగా రెండేళ్లయినా చలికాలంలో వచ్చి, వసంతంలో పోతేనే డాక్టర్లు ఈ పేరు పెడతారు. మొదటి ఏడాదే పేరు పెట్టడం కుదరదు. పేరు కుదరకపోతే బాధ లేదని కాదు.

ఇప్పుడు ఆళ్లగడ్డకు వద్దాం. ఆళ్లగడ్డ శిల్పుల గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. రోడ్డు పక్కన షెడ్లలో నల్లరాయి మీద ఉలి చప్పుడు వినకుండా ఆ ఊరు దాటలేం. ఆ షెడ్డులో కూర్చున్న శిల్పి కంట్లో పడే వెలుతురు ఎంతో ఎప్పుడైనా ఆలోచించారా? వెలుతురును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. మన ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద 100 నుంచి 200 లక్స్ ఉంటుంది. మంచి ఆఫీసులో 300 నుంచి 500. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష దాకా పోతుంది. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు నీడలో కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది. అంటే ఆ పెద్దాయన పొద్దున ఎనిమిదింటికి ఉలి పట్టుకుంటే చాలు, కంటికి కావలసింది అడగకుండానే అందుతోంది. ఆయనకు మోకాళ్ల నొప్పి ఉంటుంది, రాతి దుమ్ముతో దగ్గు ఉంటుంది, చలికాలంలో అది పెరుగుతుంది కూడా. అవి వేరే కష్టాలు. వెలుతురు లోటు మాత్రం ఆయనకు లేదు.

అట్లాంటి ఒక ఇంటి సంగతి చెప్తాను. నాలుగైదు కుటుంబాల్లో చూసింది కలిపి, వివరాలు మార్చి చెప్తున్నాను, ఎవరినీ గుర్తుపట్టాలని చూడకండి. తండ్రి శిల్పి. కొడుకు చికాగో దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాడు. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పంపించినారు. నవంబర్‌లో మొదటి మంచు పడినప్పుడు ఫోటోలే ఫోటోలు. డిసెంబర్ చివరికి వీడియో కాల్ ఆగిపోయింది, వాయిస్ మాత్రమే. జనవరికి "బిజీగా ఉన్నా నాయనా, మళ్లా చేస్తా" అంతే. వాళ్లమ్మకు అనుమానం, అక్కడ ఎవరితోనో పరిచయం అయిందేమో, చెప్పడానికి భయపడుతున్నాడేమో అని. వాళ్ల నాయనకు వేరే అనుమానం, డబ్బులు చాలడం లేదేమో అని. ఇద్దరూ రాత్రులు నిద్రపోకుండా వాదించుకుంటున్నారు. రోజూ ఫోన్‌లో అడిగేది ఒక్కటే ప్రశ్న: "తిన్నావా?" వాడు చెప్పేది ఒక్కటే జవాబు: "తిన్నా."

నేను చెప్పినాను, "అమ్మా, ఆ ప్రశ్న మార్చండి. తిన్నావా అంటే ప్రపంచంలో ఏ కొడుకైనా తిన్నాననే చెప్తాడు. ఎన్నింటికి లేచినావు అని అడగండి. ఈరోజు బయటికి పోయినావా అని అడగండి." రెండు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాడు. మూడో రోజు చెప్పినాడు, మధ్యాహ్నం పన్నెండు దాటినాక లేస్తున్నాడని. రాత్రి మూడు దాకా మెలకువ. లేచేసరికి ఇంక నాలుగు గంటల పగలు మిగిలి ఉంటుంది, అది కూడా కర్టెన్లు వేసుకున్న గదిలో. రెండు వారాలుగా క్లాసుకు పోలేదు. వాడి మాట ఒకటి వాళ్లమ్మ నాకు చెప్పింది: "నాకేం కష్టం ల్యాదమ్మా, లేసే బలం ల్యాదు, అంతే. పొలం తాకట్టు పెట్టి పంపిస్తే ఇట్ల పడుకున్నానని ఎట్ల చెప్పాల?"

ఇది బద్ధకం కాదండీ. సిగ్గు కూడా తోడైన దిగులు. అప్పు చేసి పంపించిన ఇంటి పిల్లలు దీన్ని దాచినంతగా ఎవరూ దాచరు.

ఆ అబ్బాయి యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు పోయినాడు. పోవడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే మన పిల్లల్లో ఒక భయం ఉంది: అక్కడికి పోతే రికార్డులో పడుతుంది, వీసా పోతుంది అని. ఈ భయం గురించి గట్టిగా చెప్పాలి. కౌన్సెలింగ్‌లో మాట్లాడింది రహస్యంగా ఉంటుంది. ప్రాణాపాయం లాంటి పరిస్థితుల్లో తప్ప, మీ ప్రొఫెసర్‌కో మీ నాయనకో ఫోన్ చేసి చెప్పరు. ఇంకొకటి, ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఆరోగ్య కారణంతో చదువు భారం తగ్గించుకోవడానికి నిబంధనల్లోనే వీలు ఉంది. డాక్టర్ గానీ లైసెన్స్ ఉన్న సైకాలజిస్టు గానీ రాసిచ్చిన కాగితం కావాలి. క్లాసులు మానేయకముందే యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి అనుమతి తీసుకోవాలి. ముందు అడగాలి, ఆ తర్వాతే మానాలి. వరుస తిరగబడితే నిజంగానే వీసాకు ఇబ్బంది అవుతుంది. చెప్పకుండా గదిలో పడుకోవడమే వీసాకు ప్రమాదం.

సరే, ఏం చేయాలి? మొట్టమొదటిది పొద్దున వెలుతురు. ఆకాశం మబ్బుగా ఉన్నా పర్వాలేదు. మబ్బు పట్టిన చలికాలపు పగలులో కూడా బయట వెయ్యి నుంచి కొన్ని వేల లక్స్ ఉంటుంది, గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దు పొడిచినాక అరగంట, గంటలోపు బయట నడవాలి. చికాగోలో డిసెంబర్‌లో పొద్దు పొడిచేది దాదాపు 7:15కి. అక్కడ ఉదయం ఏడున్నర అంటే మన దగ్గర సాయంత్రం ఏడు. ఆళ్లగడ్డలో ఆ నాయన షెడ్డు కట్టేసి ఇంటికి వచ్చే వేళ. కాబట్టి నేను వాళ్లకు చెప్పింది ఇదే: ఫోన్ మాట్లాడే టైం మార్చండి. రాత్రి పడుకునే ముందు కాదు, సాయంత్రం ఏడింటికి చేయండి. వాడు కోటు వేసుకుని రోడ్డు మీదికి వచ్చి, నడుస్తూనే మీతో మాట్లాడాలి. నిద్ర లేపినట్టూ ఉంటుంది, వెలుతురు పడినట్టూ ఉంటుంది, ఒంటరిగా నడవలేదన్న తృప్తీ ఉంటుంది. ఇంటివాళ్లు ఇక్కడి నుంచి చేయగలిగిన పనుల్లో దీనికంటే మంచిది నాకు తెలియదు.

రెండోది, లేచే వేళ మారకూడదు. ఆదివారం కూడా. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ కొంత ఉంటుంది. అది సరి చేస్తే పడుకునేది నిదానంగా దారికి వస్తుంది.

ఇక మనసుకు సంబంధించిన పని. "చలికాలం నన్ను చంపేస్తుంది" అని అనుకుంటూ మార్చి కోసం కాచుక్కూర్చోవడం ఒక అలవాటు అయిపోతుంది. అనుకునే తీరును, రోజువారీ పనులను మార్చుకునే సి.బి.టి. అనే పద్ధతి ఉంది. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీకి చెందిన కెల్లీ రోహన్ 177 మందితో చేసిన అధ్యయనంలో, ఆ చలికాలానికి లైట్ చికిత్స, సి.బి.టి. రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. రెండు చలికాలాల తర్వాత చూస్తే లైట్ వాడినవాళ్లలో సుమారు 46 శాతం మందికి దిగులు తిరిగొచ్చింది, సి.బి.టి. చేసినవాళ్లలో 27 శాతం మందికి. లైటు ఏటా పెట్టుకోవాలి, నేర్చుకున్నది మాత్రం మనతోనే ఉంటుంది కాబట్టి ఇట్లా జరిగి ఉండొచ్చు. అవసరమైతే డిప్రెషన్ మందులు కూడా ఉన్నాయి. డాక్టర్ రాస్తేనే వాడాలి, ఫ్రెండ్ దగ్గర మిగిలినవి వాడకూడదు.

విటమిన్ డి గురించి అందరూ అడుగుతారు. విటమిన్ డి పని వేరు, వెలుతురు పని వేరు. విటమిన్ డి చర్మం మీద పడే అతినీలలోహిత కిరణాలతో తయారవుతుంది. దిగులుకు వాడే వెలుతురు కంటి గుండా పోతుంది. చికాగో, బోస్టన్ లాంటి చోట్ల నడి చలికాలపు ఎండలో విటమిన్ డి తయారు కాదు. లోటు ఉంటే మాత్ర వేసుకోవాల్సిందే, ఎముకలకు మంచిది. మాత్రతో దిగులు పోతుందని మాత్రం పరిశోధనలు గట్టిగా చెప్పడం లేదు.

ఇప్పుడు నంద్యాల సంగతి. మనకు సూర్యుడి కొరత లేదు అన్నాను కదా. కానీ గోడల కొరత కూడా లేదు. మన ఊరు బ్యాంకు కోచింగ్‌కు పేరు పొందిన ఊరు. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి హాస్టళ్లలో ఉంటారు. తెల్లవారక ముందే లేచి ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటారు. క్లాసు, మళ్లీ స్టడీ హాలు, చీకటి పడినాక గది. వాళ్లకు డిసెంబర్‌లో రోజంతా పడే వెలుతురు 200, 300 లక్స్. ఎండ కాసే ఊర్లో ఉండి హెల్సింకి పగలు బతుకుతున్నారు. రెండు మూడు సార్లు ప్రిలిమ్స్ పోయి, స్నేహితులకు ఉద్యోగాలు వచ్చి, ఇంటికి ఏ ముఖంతో పోవాలి అనుకునే పిల్లలకు ఇది కూడా తోడైతే ఎట్లుంటుందో ఆలోచించండి. ఉగ్గాని బజ్జీ తినడానికి బండి దగ్గరికి పోతారు కదా, పార్సిల్ తెచ్చుకోకుండా అక్కడే ఎండలో నిలబడి తినండి. కరెంట్ అఫైర్స్ పేపరు డాబా మీద చదవండి. ఇరవై నిమిషాలు చదువు పోతుందని భయపడకండి, దిగులుతో చదివిన మూడు గంటల్లో ఎంత ఎక్కుతుందో మీకే తెలుసు.

ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి ముగ్గులు వేస్తాం కదా, అది చాలదా అని ఒక అక్క అడిగింది. లేవడం మంచిదే. కానీ ఐదింటికి చీకటే కదా, కంటికి వెలుతురు ఏమీ అందదు. ముగ్గు వేసి లోపలికి పోయి పడుకోకుండా, ఏడింటికి ఇంకోసారి అరుగు మీద కూర్చోండి అని చెప్పినాను.

అన్నిటికీ చలికాలం పేరు పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. శనగ పైరు మీద పెట్టుబడి పెట్టి, ధర రాక, అప్పు తీరక దిగులుపడే రైతుకు ఎండలో నడువు అని చెప్తే అది ఎగతాళి అవుతుంది. ఆయన రోజంతా ఎండలోనే ఉన్నాడు. ఆయన సమస్య అప్పు, దానికి కావలసిన సాయం వేరు. పెద్దవయసు అవ్వాతాతలు చలికి తలుపులు వేసుకుని మంచం దిగకపోతే, అది దిగులు అనుకునే ముందు థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు చేయించండి. వీటిలో ఏది తేడా వచ్చినా అచ్చం దిగులులాగే ఉంటుంది.

మే నెల మాటకు వస్తాను అన్నాను కదా. రోసెంతాల్‌తో పనిచేసిన థామస్ వేర్ అనే డాక్టర్ వేసవిలో వచ్చే దిగులును కూడా 1987లో వివరించినాడు. అందులో లక్షణాలు తలకిందులు: నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, చిరాకు, కోపం. మన వేసవి సంగతి తెలిసిన వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. దాని మీద ఏప్రిల్‌లో వేరే ఎపిసోడ్ చేస్తాను.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకూడదు. "నేను లేకపోతే మీకే మేలు" అనే మాట, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టడం, అందరికీ క్షమించమని మెసేజ్ పెట్టడం, ఇవి కనిపిస్తే సూటిగా అడగండి: "నాయనా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అని భయపడతారు. అట్లా జరగదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. మన దేశంలో టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అమెరికా, కెనడాలో 988. ఇంగ్లండ్‌లో 111కు చేసి 2 నొక్కాలి. పిల్లలు అక్కడ ఉంటే ఈ నంబర్లతో పాటు వాళ్ల రూమ్మేట్ నంబర్ కూడా మీ దగ్గర రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి మీరు నంద్యాల నుంచి తలుపు తట్టలేరు, వాళ్లు తట్టగలరు.

చివరిగా, "లైట్ బాక్స్ కొనమంటారా సార్" అనే ప్రశ్న. నంద్యాలలో ఉండేవాళ్లకు అక్కర్లేదు, డాబా ఉంది. చలి దేశాల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. 10,000 లక్స్ అని రాసి ఉండాలి, అది ఎంత దూరంలో పెడితే అంత వస్తుందో కూడా రాసి ఉండాలి, అతినీలలోహిత కిరణాలు వడకట్టేది అయి ఉండాలి. లేచిన గంటలోపు 20, 30 నిమిషాలు ముందు పెట్టుకుని టిఫిన్ తినడమో చదవడమో చేయాలి. దానివైపే కళ్లార్పకుండా చూడకూడదు. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. షుగర్ వల్ల కంటి నరాలు దెబ్బతిన్నవాళ్లు, రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. బైపోలార్ ఉంటే దిగులు నుంచి ఒక్కసారిగా రెండో వైపుకు, అంటే నిద్ర లేకుండా ఊగిపోయే స్థితికి పోయే ప్రమాదం ఉంది.

ఆ ఆళ్లగడ్డ అబ్బాయి లైట్ బాక్స్ కొనలేదు, పాతది యూనివర్సిటీ వాళ్లే నెల రోజులకు ఇచ్చినారట. ఒక సబ్జెక్టు మళ్లీ రాయాల్సి వచ్చింది. ఈ అక్టోబర్ నుంచే పొద్దున నడక మొదలుపెట్టమని చెప్పినాను, నవంబర్ దాకా ఆగొద్దని. మీ ఇంట్లో కూడా ఎవరికైనా పోయిన ఏడాది ఇట్లా జరిగి ఉంటే, దసరా వెళ్లిన మరుసటి వారమే మొదలుపెట్టించండి.